ఎనిమిది అంగలు తక్కువ

మా వ్యాన్ పూర్వజన్మలో చేపలమ్మింది.
తెల్లరంగు రెండు పూతలు వేసినా
ఎండ ఏటవాలుగా పడితే చాలు
"ఈ పూట పట్టినవి" అన్న అక్షరాలు
పక్కటెముకల్లా పైకి తేలతాయి.
వానొస్తే ఇంకా మేలు, వాసన కూడా లేస్తుంది.
ఏ తీరాన ఆగినా ముందుగా వచ్చి వాలేవి సీగల్ పక్షులు,
మాకోసం కాదు, పాత బాకీ వసూలుకి.

హాల్వర్ నడుపుతాడు. నేను మ్యాపు చదువుతాను.
అతను వినడు.
ఉత్తరానికి పోయేకొద్దీ నార్వే సన్నబడుతుంది,
మా మాటల్లాగే.
ఫెర్రీ దిగి, సొరంగం దాటి, మళ్లీ ఫెర్రీ ఎక్కి
తొమ్మిది రోజులు.
స్టీరింగుకి తడి సాక్సులు,
అద్దాలకి అల్యూమినియం రేకు,
ఆగస్టులో కూడా ఇక్కడ రాత్రి పూర్తిగా మూసుకోదు మరి,
చెక్క ఉబ్బిన తలుపులా.
పడుకుంటే నా మోకాలికి గ్యాస్ పొయ్యి,
అతని తలకి బంగాళాదుంపల సంచి,
మధ్యన ఒక చిన్న పార.
ఆ పార ఎందుకో చెప్పను,
అడవిలో తెల్లవారినవాళ్లకి తెలుసు.

ఈ దేశపు చట్టం మంచిది.
ఎవరి నేలైనా సరే, దున్నని చోట
రెండు రాత్రులు తలదాచుకోవచ్చు,
కాపురమున్న ఇంటికి నూట యాభై మీటర్ల అవతల.
గుడారాలకి రాసిన మాట అది.
చేపల వ్యాన్‌కి మేమే అన్వయించుకున్నాం.

సెన్యా దీవిలో, కంకర దారి తానే ఆగిపోయిన చోట, ఆగాం.
ముందు సముద్రం. వెనక బూడిదరంగు కొండ.
కొండ కింద ఒకే ఒక్క ఎర్ర ఇల్లు.
"అంత దూరం ఉంటుందా?" అన్నాను.
"ఉంటుందిలే" అన్నాడు హాల్వర్.
సరేనన్నాను.
తొమ్మిది రోజుల్లో మాకు కుదిరిన ఒప్పందం అదొక్కటే.

రెండో సాయంత్రం ఆ ఇంటి తలుపు తెరుచుకుంది.
ఎవరో వస్తున్నారు,
తల వంచుకుని, పెదాలు కదుపుతూ,
గడ్డిలో ఒక్కో అడుగూ నాటుతూ.
ప్రార్థనేమో అనుకున్నాను.
దగ్గరికొచ్చాక వినబడింది:
"నూట నలభై ఒకటి. నూట నలభై రెండు."
బంపరు మీద చెయ్యేసి ఆగింది.

పేరు గున్‌వోర్. ఎనభై దాటి ఉంటాయి.
ముప్పై ఏళ్లు రోడ్ల శాఖలో కొలత గొలుసు లాగిందట.
"నా అంగ సరిగ్గా మీటరు, అప్పుడూ ఇప్పుడూ.
మీరు ఎనిమిది తక్కువున్నారు."

హాల్వర్ తాళం తిప్పాడు.
ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గింది,
ఆపైన అదీ లేదు.
నిన్న రాత్రంతా దీపం కింద నేను చదివిన పుస్తకం
బ్యాటరీని కూడా పూర్తిచేసేసింది.
ఆమె కోటు విప్పి, మడిచి, రాయి మీద పెట్టింది.
"న్యూట్రల్‌లో వెయ్యి" అంది.

తోశాం. అతను కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని,
మేమిద్దరం వెనక,
నా భుజం పక్కన ఆమె భుజం, ఉన్ని స్వెటరులో గొర్రెల వాసన,
లెక్క మాత్రం తప్పడంలేదు.
నాలుగు దగ్గర గుంట.
"ఎడమకి" అని అరిచాను.
హాల్వర్ విన్నాడు.
ఎనిమిది.

ఆమె చేతులు దులుపుకుని వెనక్కి తిరిగి
తన ఇంటిని చూసింది, చాలాసేపు,
అమ్మకానికున్న ఇంటిని చూసినట్టు.
"చట్టం అయిపోయింది. ఇక పిలవొచ్చు.
కాఫీ ఉంది, మేకపాల చీజ్ ఉంది.
కుర్చీలు నాలుగున్నాయి,
మూడింటి మీద పాత పేపర్లున్నాయి, తీస్తాను."

వెళ్తూ నేనూ లెక్కపెట్టాను, పైకి కాదు.
నా అంగలకి నూట తొంభై ఆరు వచ్చాయి.
హాల్వర్‌కి ఎన్నో అడగలేదు.
అతని పెదాలు కదులుతున్నాయి.

రాత్రి వాన. పొద్దున ఆమె ట్రాక్టరు తెచ్చి
తీగలు తగిలించి ఇంజనుని లేపింది.
మలుపు తిరిగేముందు అద్దంలో చూశాను.
మేం నిలిచిన చోట, వ్యాన్ అంత మేర, పొడినేల.
అందులో బూట్లు వేసుకుని ఆమె.
కొలవడం లేదు.
అంచులు నాలుగువైపులా తడుస్తూ
లోపలికి వస్తున్నాయి.